ముంజేతి గడియారానికి అద్దం కావాలి

ముంజేతి కంకణానికి అద్దమేల అన్నారు పెద్దలు. కళ్ళెదుట ఉన్నదానికి వేరే సాక్ష్యం అక్కరలేదని తాత్పర్యం. మన ప్రజాప్రతినిధుల ముంజేతి విషయంలో మాత్రం ఈ సామెత చెల్లదు. చొక్కా చేయి కాస్త పైకి జరిగితే గడియారం అందరికీ కనబడుతుంది. దాని వెల ఎంతో, అది కొన్నదో, కానుకగా వచ్చిందో, అరువు తెచ్చుకున్నదో ఎవరికీ కనబడదు. ఓటరుకు అది కనబడేటట్టు చేసే నిబంధన మన ఎన్నికల చట్టంలో స్పష్టంగా లేదు. ఉండవలసిన అవసరాన్ని దేశ అత్యున్నత న్యాయస్థానం ఎత్తిచూపిన తరువాత కూడా లేదు.

2024 ఏప్రిల్ 9న, లోక్‌సభ ఎన్నికల తొలి విడత పోలింగుకు పది రోజుల ముందు, సుప్రీంకోర్టు కారిఖో క్రి కేసులో తీర్పు చెప్పింది. కారిఖో క్రి 2019లో అరుణాచల్ ప్రదేశ్‌లోని తేజు నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన శాసనసభ్యుడు. ఒక స్కూటరును, ఒక మారుతి ఓమ్ని వ్యానును, ఒక మోటారు సైకిలును అఫిడవిట్‌లో చూపలేదన్నది ఆయన మీద వచ్చిన ప్రధాన ఆరోపణల్లో ఒకటి. గువాహటి హైకోర్టు ఆయన ఎన్నికను రద్దుచేసింది. న్యాయమూర్తులు అనిరుద్ధ బోస్, సంజయ్ కుమార్‌లతో కూడిన ధర్మాసనం ఆ రద్దును కొట్టివేసింది. ఆ వాహనాలు నామినేషన్‌కు ముందే చేతులు మారాయని తేల్చింది. అభ్యర్థి తన ఇంట్లోని బట్టలు, చెప్పులు, పాత్రలు, కుర్చీలు, బల్లలు అన్నిటినీ లెక్కచెప్పనక్కరలేదని, ఓటరుకు సంబంధం లేని విషయాల్లో అభ్యర్థికీ ఆంతరంగికత ఉంటుందని కూడా చెప్పింది.

అక్కడ ఆగితే ఆ తీర్పును నేను ఇక్కడ ప్రస్తావించవలసిన పని లేదు. ఏది చెప్పనక్కరలేదో, ఏది చెప్పి తీరాలో విడమరచడానికి ధర్మాసనం ఒక ఉదాహరణ ఇచ్చింది. అభ్యర్థికీ ఆయన కుటుంబానికీ మామూలు చేతి గడియారాలు ఉంటే వాటిని చూపకపోవడం తప్పు కాకపోవచ్చునన్నది. అదే ఖరీదైన గడియారాలు అనేకం ఉండి, వాటి మొత్తం విలువ భారీగా ఉంటే చూపి తీరాలన్నది. అవి పెద్ద ఆస్తి మాత్రమే కాక, విలాస జీవితానికి ఆనవాలు కూడా కనుక. వజ్రాల హారాన్నో, విదేశీ కారునో కాక గడియారాన్నే న్యాయమూర్తులు ఎంచుకున్నారు. ఢిల్లీలో అధికారం చుట్టూ కొంతకాలం తిరిగిన వారెవరికీ ఆ ఎంపికలో ఆశ్చర్యం కనిపించదు. ఈ నగరంలో మాట్లాడకుండానే హోదా చెప్పే వస్తువు అదే.

ఖరీదైన గడియారమంటే రాళ్ళు పొదిగి ధగధగలాడేదని అనుకొనే పాఠకులకు ఒక వివరణ. అసలైన ఖరీదు చాలావరకు కంటికి కనబడని చోట ఉంటుంది. మామూలు గడియారంలో తేదీ చూపే చక్రానికి 31 గళ్ళుంటాయి. ఏప్రిల్‌కు 30 రోజులే అని దానికి తెలియదు. మే 1న మనం చేత్తో ముందుకు జరపాలి. స్విట్జర్లాండ్ పనివారు పర్పెచువల్ క్యాలెండర్ అని పిలిచే యంత్రానికి ఆ సంగతి తెలుసు. సాధారణంగా అందులో నాలుగేళ్ళకొకసారి తిరిగే ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. దాని అంచున 48 నెలలకు 48 మెట్లు. మెట్టు ఎంత లోతుందో ఒక సన్నని మీట తడిమి చూసి, ఈ నెలకు 31 రోజులా, 30 రోజులా, ఫిబ్రవరి అయితే 28 రోజులా, 29 రోజులా అని గ్రహించి ముళ్ళను కదుపుతుంది. బ్యాటరీ లేదు, చిప్ లేదు. ఉన్నదంతా ఉక్కు, ఇత్తడి, మనిషి చేతి పని. 2100వ సంవత్సరం నాలుగుతో భాగించబడినా లీపు సంవత్సరం కాదు కనుక, ఇటువంటి గడియారాల్లో అధిక భాగాన్ని ఆ ఏడాది మార్చి 1న ఒకసారి చేత్తో సరిదిద్దాలి. ఆపకుండా నడిపిస్తే అంతవరకు తేదీ తప్పవు.

లండన్‌లో థామస్ మడ్జ్ 1762లోనే ఇటువంటి జేబు గడియారం చేశాడు. జెనీవాకు చెందిన పాటెక్ ఫిలిప్ 1925లో దానిని ముంజేతికి తెచ్చింది. ఆ కళ మీద నాకు కోపం లేదు. రెండున్నర శతాబ్దాల నైపుణ్యాన్ని తక్కువచేసి మాట్లాడటం అజ్ఞానం. నా అభ్యంతరం చేసిన చేతుల మీద కాదు, ధరించిన చేతుల మీద. ప్రజల ఓటుతో పదవిలో కూర్చున్న చేయి ఆ వస్తువును ధరించినప్పుడు, అది ఎలా వచ్చిందని అడిగే హక్కు ఓటరుకు ఉంటుంది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2024 ఫిబ్రవరి 5న చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారులు విదేశం నుంచి వచ్చిన ఒక ప్రయాణికుని వద్ద రెండు గడియారాలు పట్టుకున్నారు. వాటిలో ఒకటి పాటెక్ ఫిలిప్ 5740. నాటిలస్ శ్రేణిలో 2018లో వచ్చిన తొలి పర్పెచువల్ క్యాలెండర్ అది. తెల్ల బంగారంతో చేసినది, మందం 8.42 మిల్లీమీటర్లు మాత్రమే. లోపలి యంత్రంలో 275 భాగాలు. విడుదలైననాడే దాని ధర లక్ష డాలర్ల పైమాట. రెండోది బ్రెగె సంస్థది. రెంటి విలువ 1.7 కోట్ల రూపాయల పైచిలుకని అధికారులు లెక్కగట్టినట్టు పత్రికలు రాశాయి. అదే వ్యవహారంలో కస్టమ్స్ శాఖ తెలంగాణ మంత్రివర్గ సభ్యుడొకరి కుమారునికి సమన్లు పంపింది. అవి నిరాధార ఆరోపణలని ఆయన ఖండించారు. ఆరోపణ ఆరోపణే, దాన్ని తేల్చవలసింది పత్రికలు కావు, విచారణ. నేను ఆ కేసులో తీర్పరిని కాను. నా ప్రశ్న వేరు. ఆ గడియారాలు పట్టుబడకుండా ఏ రాజకీయ కుటుంబపు ఇంటికైనా చేరి ఉంటే, ఆ సంగతి ఓటరుకు ఏ పత్రంలో కనబడేది? సమాధానం తేలికే. ఎందులోనూ కనబడేది కాదు. సొంత సంపాదన గల వయోజనుడైన కుమారుడు తండ్రి మీద ఆధారపడినవాడు కాదు కనుక, అతని ఆస్తులు తండ్రి అఫిడవిట్‌లోకి రావు.

ఇది ఒక పార్టీ జబ్బు కూడా కాదు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ధరించిన హుబ్లో గడియారం 70 లక్షల రూపాయలదని 2016 ఫిబ్రవరిలో హెచ్.డి. కుమారస్వామి ఆరోపించారు. విదేశంలో ఉన్న మిత్రుడు ఇచ్చిన కానుక అన్నారు ముఖ్యమంత్రి. రచ్చ తీవ్రమయ్యాక మార్చిలో దాన్ని శాసనసభాపతికి అప్పగించి, రాష్ట్రపు ఆస్తిగా ప్రకటించారు. 2022 డిసెంబరులో తమిళనాడు బీజేపీ అధ్యక్షుడు అణ్ణామలై ముంజేతిన ఉన్న బెల్ అండ్ రాస్ గడియారం వంతు వచ్చింది. రాఫెల్ యుద్ధ విమానం పేరిట 500 మాత్రమే తయారైన గడియారం అది. రసీదు చూపమని డీఎంకే మంత్రి సెంథిల్ బాలాజీ సవాలు విసిరారు. 2023 ఏప్రిల్ 14న అణ్ణామలై పత్రికల ముందు రసీదు చూపారు. ఒకరు కాంగ్రెస్, ఒకరు బీజేపీ. ఒకరు గడియారం ఇచ్చేశారు, ఒకరు బిల్లు చూపారు. రెండు సందర్భాల్లోనూ జరిగింది ఒకటే. వివరాన్ని చట్టం అడగలేదు, ప్రత్యర్థి అడిగాడు. ప్రత్యర్థి కంటపడకపోతే, ఫొటోగ్రాఫరు సరైన కోణంలో నిలబడకపోతే, ఆ ప్రశ్న పుట్టేదే కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం పాత ముచ్చట. ఇప్పుడు మణికట్లు తడుముకుంటున్నారు. ప్రజాస్వామ్యంలో లెక్క చెప్పడం అనేది ఫొటోగ్రాఫరు అదృష్టం మీద ఆధారపడితే దాన్ని పారదర్శకత అనరు, లాటరీ అంటారు.

రాజకీయాలకు ఈ వస్తువు ఇంతగా ఎందుకు నచ్చిందో ఆలోచించండి. భూమి కొంటే రిజిస్ట్రేషన్ కార్యాలయంలో దస్తావేజు ఉంటుంది. కారు కొంటే రవాణా శాఖలో నంబరు ఉంటుంది. షేర్లు కొంటే డీమ్యాట్ ఖాతాలో జాడ ఉంటుంది. నోట్ల కట్టలు దాచడానికి గోదాము కావాలి, 2016 నవంబరు 8 వంటి రాత్రి వస్తే అవి కాగితాలవుతాయి. బంగారం బరువు, విమానాశ్రయంలో కూత పెడుతుంది. గడియారానికి యాజమాన్య పత్రం రాసే ప్రభుత్వ కార్యాలయమేదీ లేదు. గురుగ్రామ్‌లో ఒక ఫ్లాటు ధర చేసే వస్తువు చేతికి తగిలించుకొని దేశాల సరిహద్దులు దాటిపోవచ్చు. పైగా అరుదైన నమూనాల ధర ఏళ్ళు గడిచేకొద్దీ తరగదు, పెరుగుతుంది. 2022 అక్టోబరులో ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయంలో దుబాయ్ నుంచి వచ్చిన ప్రయాణికుని వద్ద ఏడు గడియారాలు పట్టుబడ్డాయి. అందులో జేకబ్ అండ్ కో వారి వజ్రాల గడియారం ఒక్కటే 27.09 కోట్ల రూపాయలదని కస్టమ్స్ అధికారులు ప్రకటించారు. విలువలో ఇది ఒక్కసారిగా 60 కిలోల బంగారం పట్టుకోవడంతో సమానమని వారే పోల్చారు. అరవై కిలోల బంగారాన్ని ఎవరూ చొక్కా చేతి కింద దాచలేరు. గడియారాన్ని దాచగలరు, అవసరమైతే దాచకుండా అందరి ఎదుటా ధరించగలరు. ఎరిగినవాడు గౌరవిస్తాడు, ఎరగనివాడు టైము అడిగి వెళ్ళిపోతాడు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదా? తెలుసు. తనకు కావలసినంత మేరకు తెలుసు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షల రూపాయలు దాటిన కొన్ని విలాస వస్తువులు అమ్మినప్పుడు, అమ్మకందారు కొనుగోలుదారు నుంచి ఒక శాతం పన్ను అక్కడికక్కడే వసూలుచేసి ఖజానాకు జమచేయాలని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రకటించింది. ఆ జాబితాలో చేతి గడియారం ఉంది. కళాఖండాలు, పడవలు, చేతిసంచులు, పందెపు గుర్రాలు ఉన్నాయి. ఆ ఒక శాతాన్ని కొన్నవాడు తన ఆదాయపు పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కాబట్టి దాని పరమార్థం రాబడి కాదు, జాడ. ఎవరు కొన్నారో పాన్ నంబరుతో సహా ఆదాయపు పన్ను శాఖకు తెలియాలి. మంచిదే. అయితే అదే జాడ ఓటరుకు ఎందుకు అక్కరలేదు? ఆదాయపు పన్ను శాఖలో కూర్చున్న అధికారికి తెలియవలసిన సమాచారం, నిర్వాచన్ సదన్‌కు చేరే అఫిడవిట్‌లో ఎందుకు కనబడదు?

పన్నుల సంగతి చూస్తే రాజ్యం మనసు ఎటు మొగ్గుతుందో ఇంకా స్పష్టమవుతుంది. జీఎస్టీ మొదలైనప్పుడు చేతి గడియారాల మీద 28 శాతం ఉండేది. 2017 నవంబరులో గువాహటిలో జరిగిన మండలి సమావేశం దాన్ని 18 శాతానికి దించింది. ఆ తరువాత దాదాపు ఎనిమిదేళ్ళపాటు పళ్ళపొడి బదులు పేస్టు వాడే పేదవాడు, తలకు నూనె రాసుకొనే కూలీ మనిషి కట్టిన రేటు, పాటెక్ ఫిలిప్ కొన్నవాడు కట్టిన రేటు ఒక్కటే: 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి పేస్టునూ నూనెనూ 5 శాతానికి తగ్గించారు, అందుకు అభినందించాలి. అదే సంస్కరణలో విలాసాల కోసం 40 శాతం మెట్టు కట్టారు. పెద్ద కార్లు, సొంత విమానాలు, విహార నౌకలు దాని మీదికి ఎక్కాయి. 350 సీసీ దాటిన మోటారు సైకిలు కూడా ఎక్కింది. అరకోటి రూపాయల గడియారం మాత్రం 18 శాతం దగ్గరే క్షేమంగా ఉంది. బుల్లెట్టు బండి మీద మోజుతో నెలనెలా వాయిదాలు కట్టి పెద్ద ఇంజను బండి కొన్న యువకుడు విలాసపురుషుడు. జెనీవా గడియారం కొన్న దొర సామాన్య వినియోగదారుడు!

విలువను బట్టి పన్ను వేయడం సాధ్యం కాదని ఎవరైనా అంటే, అదే సంస్కరణలో చొక్కాల సంగతి చూడమనండి. 2,500 రూపాయల లోపు వస్త్రానికి 5 శాతం, దాటితే 18 శాతం. పెళ్ళికి కుట్టిన బట్టలు కొనే ఇల్లాలి బిల్లులో గీత గీయడం వచ్చిన ప్రభుత్వానికి, డీఎల్ఎఫ్ ఎంపోరియోలో గడియారం కొనేవాడి బిల్లులో గీత గీయడం రాలేదంటే నమ్మడం కష్టం. ఇంతలో స్విట్జర్లాండ్‌తో సహా నాలుగు దేశాల ఈఎఫ్‌టీఏ కూటమితో 2024 మార్చి 10న కుదిరిన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. స్విస్ గడియారాల మీద ఉన్న 20 శాతం దిగుమతి సుంకం దాని కింద దశలవారీగా ఎత్తివేస్తారు. ప్రతిగా పదిహేనేళ్ళలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడి, పది లక్షల ఉద్యోగాలు వస్తాయని ఆశ చూపారు. ఆ బేరం లాభమో నష్టమో ఇక్కడి చర్చ కాదు. ఈ వస్తువులు ఇకమీదట దేశంలోకి మరింత చవకగా, మరింత విరివిగా వస్తాయన్నది మాత్రం ఖాయం. వరద వస్తుందని తెలిసినప్పుడు గట్టు కట్టడం ఏలేవాడి పని.

ఆ గట్టు పేరు ఫారం 26. దానిని సంపాదించుకోవడానికి పౌరులు పడిన శ్రమను మరవకూడదు. 2002 మే 2న అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ కేసులో, అభ్యర్థి ఆస్తులూ నేరచరిత్రా తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని నీరుగార్చడానికి పార్లమెంటు చట్టం తెస్తే, 2003 మార్చి 13న కోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2018 ఫిబ్రవరి 16న లోక్ ప్రహరీ కేసులో ఆదాయ మార్గాలు కూడా చెప్పాలన్నది. ప్రతి మెట్టూ న్యాయస్థానం ఎక్కించినదే. ఏ పార్టీ తనంతట తాను ఎక్కలేదు.

ఇప్పుడు ఆ ఫారం ఏమడుగుతుందో చూడండి. వాహనం ఉంటే తయారీదారు, రిజిస్ట్రేషన్ నంబరు, కొన్న సంవత్సరం, వెల చెప్పాలి. పాత స్కూటరుకైనా ఇదే నియమం. తరువాతి వరుసలో నగలు, బంగారం, విలువైన వస్తువులు కలిపి ఒకే చోట ఉంటాయి. వాటికి అడిగేది బరువు, విలువ. పర్పెచువల్ క్యాలెండర్ గడియారానికి బరువేమిటి? పావుకిలో కూడా తూగని వస్తువును తులాల్లో కొలవమని అడిగే పత్రం, దాన్ని ఎప్పుడు కొన్నారని అడగదు. ఎవరిచ్చారని అడగదు. ఎవరు తయారుచేశారని అడగదు. స్కూటరు లెక్క తేడా వచ్చిందని ఒక శాసనసభ్యుని ఎన్నిక హైకోర్టులో రద్దయి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గడియారం లెక్క తేడా వచ్చిందో లేదో తేల్చడానికి మొదట అక్కడ లెక్కంటూ ఉండాలి కదా! సుప్రీంకోర్టు ఖరీదైన గడియారాలన్నది. ఖరీదంటే ఎంతో అంకె చెప్పలేదు. ఆ అంకెను నిర్ణయించే బాధ్యత అభ్యర్థి మనస్సాక్షికే మిగిలింది. మన ఎన్నికల్లో అభ్యర్థుల మనస్సాక్షి ఎంత చురుకుగా పనిచేస్తుందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, ఇది చిన్న విషయమని. ఎన్నికల బాండ్ల వంటి వేల కోట్ల వ్యవహారాలు చూసిన దేశంలో మణికట్టు మీద చర్చ ఏమిటని అడుగుతారు. బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసిన తరువాత అంకెలు బయటికి వచ్చాయి. ఎందుకంటే అవి బ్యాంకు పుస్తకాల్లో ఉన్నాయి. గడియారం ఏ పుస్తకంలోనూ ఉండదు. పుస్తకంలో ఉన్న పెద్ద అవినీతిని ఒకనాటికి కోర్టు విప్పగలదు. పుస్తకంలో లేని చిన్న అవినీతిని ఏ కోర్టూ విప్పలేదు.

రెండోది, న్యాయంగా సంపాదించి పన్ను కట్టి కొనుక్కుంటే తప్పేమిటని. ఏ తప్పూ లేదు. పదవిలోకి రాకముందు వ్యాపారంలోనో, న్యాయవాద వృత్తిలోనో కోట్లు గడించినవారు చట్టసభల్లో ఉన్నారు. వారికి గడియారం మీద మక్కువ ఉంటే కొనుక్కోవచ్చు. నేను అడుగుతున్నది మానుకోమని కాదు, రాయమని. న్యాయంగా కొన్నవాడికి ఒక వరుస నింపడం అరనిమిషం పని. ఆ వరుస వల్ల ఇబ్బంది పడేవాడు వేరొకడు. మూడోది భద్రత. ఇంట్లో ఫలానా గడియారం ఉందని తెలిస్తే దొంగలు పడతారట. ఇంట్లో ఎన్ని తులాల బంగారం ఉందో అదే అఫిడవిట్‌లో ఇరవై ఏళ్ళకు పైగా రాస్తూనే ఉన్నారు. దొంగలకు బంగారం అంటే రుచించదు కాబోలు!

అరువు తెచ్చుకున్నానన్న సాకు ఉండనే ఉంది. థాయ్‌లాండ్ ఉపప్రధాని ప్రవిత్ వొంగ్సువాన్ 2017 డిసెంబరులో ఫొటో దిగుతూ ఎండకు చేయి అడ్డంపెట్టుకున్నాడు. ఖరీదైన గడియారం కెమెరాకు చిక్కింది. పాత ఫొటోలు తిరగేస్తే ఇరవైకి పైగా గడియారాలు తేలాయి. అన్నీ మరణించిన మిత్రుని దగ్గర అరువు తెచ్చుకున్నవేనన్నాడు. అక్కడి అవినీతి నిరోధక సంఘం మరుసటి ఏడాది ఆ మాట అంగీకరించి కేసు మూసేసింది. పెరూ అధ్యక్షురాలు దీనా బొలువార్తే రోలెక్స్ గడియారాల కోసం 2024 మార్చిలో పోలీసులు ఆమె ఇంటి తలుపు బద్దలుకొట్టి సోదా చేశారు. ఆమె చెప్పిన సమాధానమూ అదే: ఒక ప్రాంతీయ గవర్నరు వద్ద అరువు తెచ్చుకున్నవి. రష్యా మతపెద్ద కిరిల్ విషయం ఇంకా చోద్యం. 2012లో చర్చి వెబ్‌సైట్‌లోని ఫొటోలో ఆయన ముంజేతి బ్రెగె గడియారాన్ని చెరిపేశారు; నున్నటి బల్ల మీద పడిన దాని నీడను చెరపడం మరచిపోయారు. ముంజేతికి అద్దం ఎందుకు కావాలో ఆ బల్ల లోకానికి చెప్పింది.

ఢిల్లీ నగరానికి దాపరికం లేని కాలగణన కొత్త కాదు. పార్లమెంటు వీధిలో జంతర్ మంతర్‌ను సవాయీ జైసింగ్ 1724లో కట్టించాడు. నాటి గ్రహగణిత పట్టికలు ఆకాశంతో సరిపోలడం లేదని, వాటిని సరిదిద్దాలని ఆయన సంకల్పం. చిన్న లోహపు పరికరాలను నమ్మక, ఇళ్ళకంటే ఎత్తైన యంత్రాలను బయలులో నిలబెట్టాడు. స్వతంత్రం వచ్చాక 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం దేశంలోని దాదాపు ముప్ఫై పంచాంగాలను పరిశీలించింది; దాని ఫలితంగా 1957 మార్చి 22న జాతీయ క్యాలెండరు అమలులోకి వచ్చింది. 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ గడియారాలు మొదలయ్యాయి. గుమాస్తా చేతికీ, బడిపంతులు చేతికీ టైము అందింది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆ గడియారాల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. మరుసటి నెలలోనే, అదే బెంగళూరులో, హుబ్లో రచ్చ మొదలైంది. రెంటికీ కారణ సంబంధం లేదు. కాలం ఎటు తిరిగిందో చెప్పడానికి మాత్రం ఆ రెండు చాలు.

చేయవలసిన పని పెద్దది కాదు. ఫారం 26 పార్లమెంటు చట్టం కాదు, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో భాగం. ఎన్నికల సంఘాన్ని సంప్రదించి కేంద్ర న్యాయ శాఖ ఒక నోటిఫికేషన్‌తో సవరించవచ్చు. అందులో గడియారాలకూ, కళాఖండాలకూ, ఇతర విలాస వస్తువులకూ ప్రత్యేక వరుస ఉండాలి. లక్ష రూపాయలు దాటిన ప్రతి వస్తువుకూ తయారీదారు, నమూనా, చేతికి వచ్చిన సంవత్సరం, వెల రాయాలి. కొన్నదా, వారసత్వమా, కానుకా అని చెప్పాలి. కానుక అయితే ఇచ్చినవారి పేరు రాయాలి. సొంతమైనవే కాదు, అనుభవంలో ఉన్నవీ చెప్పాలి. అరువు సాకు అప్పుడే మూతపడుతుంది.

పదవిలో ఉండగా వచ్చే కానుకలకు వేరే ఏర్పాటు కావాలి. విదేశాల్లో అందుకున్న కానుక 5,000 రూపాయలు దాటితే తోషాఖానాకు చేరాలన్న నియమం ఉంది. స్వదేశంలో మిత్రుడు ఇచ్చిన దానికి మంత్రుల ప్రవర్తనా నియమావళి తప్ప దిక్కు లేదు. దానికి చట్టబలం లేదు. రాజ్యసభ సభ్యుల ప్రయోజనాల రిజిస్టరులో ఐదు అంశాలున్నాయి: డైరెక్టరు పదవి, జీతం వచ్చే పని, వాటాల ఆధిపత్యం, కన్సల్టెన్సీ, వృత్తి. కానుకలు ఆ ఐదింటిలో లేవు. బ్రిటన్ కామన్స్ సభలో సభ్యునికి తన పదవిని బట్టి 300 పౌండ్లు దాటిన కానుక వస్తే బహిరంగ రిజిస్టరుకు ఎక్కించాలి. మనం పార్లమెంటరీ సంప్రదాయాలన్నీ అక్కడినుంచే తెచ్చుకున్నామని గర్వంగా చెప్పుకుంటాం. ఈ ఒక్కటి మాత్రం దారిలో జారిపోయింది. మంత్రుల వయోజన సంతానానికి వచ్చే భారీ కానుకలను కూడా ఆ రిజిస్టరు పరిధిలోకి తేవాలి. జీఎస్టీ మండలి తదుపరి సమావేశంలో పది లక్షలు దాటిన గడియారాన్ని మోటారు సైకిలు పక్కన, 40 శాతం మెట్టు మీద కూర్చోబెట్టాలి.

ఈ డిమాండ్లలో ఒక్కటైనా ఏ పార్టీ ఎన్నికల ప్రణాళికలోనూ నా కంటపడలేదు. గడియారాల మీద ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకున్న పార్టీల్లో ఏదీ నియమం మార్చమని అడగలేదు. ప్రత్యర్థి మణికట్టు కావాలి, నియమం వద్దు; నియమం వస్తే తమ మణికట్టుకూ వర్తిస్తుంది. అందువల్ల అడగవలసింది ఓటరే. రేపు మీ ఊరికి వచ్చే అభ్యర్థి మీ చేయి పట్టుకొని ఓటు అడిగినప్పుడు, ఆ చేతి గడియారం ఎవరిది, ఎంతకు వచ్చింది, అఫిడవిట్‌లో ఏ పేజీలో ఉందని అడగండి.